తామరాకు మీద సోడియం

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో కిరోసిన్‌లోంచి సోడియం ముక్క తీసి, లెక్చరర్ చాకుతో కోసి చూపించడం గుర్తుందా? జున్నుముక్కలా తెగుతుంది. కోసిన చోట వెండిలా మెరిసి, చూస్తుండగానే మసకబారుతుంది. ఆ మెత్తదనం, ఆ మసక రెండూ ఈ కథలో మళ్లీ వస్తాయి.

1960లలో అమెరికాలోని ఫోర్డ్ కంపెనీలో జోసెఫ్ కమ్మర్, నీల్ వెబర్ ఒక వింత బ్యాటరీ కట్టారు. బీటా అల్యూమినా అనే పింగాణీ గొట్టానికి ఒకవైపు కరిగిన సోడియం, మరోవైపు కరిగిన గంధకం. సోడియం అయాన్లు పింగాణీలోంచే దూరిపోతాయి. కాకపోతే 300 డిగ్రీల సెల్సియస్ పైన వేడి ఉండాలి. ఆ వేడిలో ఒక మేలు దాగి ఉంది: సోడియం పింగాణీని అంతటా తడుపుతుంది. 98 డిగ్రీలకే కరిగినా, ఆ దగ్గర్లో అది తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోతుంది, అంటదు.

1976లో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో జాన్ గుడ్‌ఇనఫ్, హెన్రీ హాంగ్ నాసికాన్ అనే మరో పింగాణీని తెచ్చారు. పేరు చూసి నాసిక్ అనుకునేరు. సోడియం సూపర్ అయానిక్ కండక్టర్‌కు అది పొట్టిపేరు. ఇందులో గది వేడిలోనూ అయాన్లు కదులుతాయి. కానీ ఆ వేడిలో సోడియం, పింగాణీ రెండూ ఘనపదార్థాలే, అవి ఒకదానికొకటి ఆనుకోవాలి. ఎంత నున్నగా సానపట్టినా అవి అక్కడక్కడే తాకుతాయి. గాలి సోకితే లోహం మీద ఆ మసకపొర, పింగాణీ మీద తేమ పొర అదనం.

బ్యాటరీ వాడుతున్నప్పుడు ఇంకో చిక్కు. అంచున ఉన్న సోడియం పరమాణువులు వెళ్లిపోతుంటాయి. వెనకనుంచి కొత్తవి అంత వేగంగా రావు. అక్కడ సన్నని బొక్కలు పడతాయి. మిగిలిన కొద్ది చోట్లకే కరెంటంతా తోసుకొస్తుంది. తిరిగి చార్జ్ చేసేటప్పుడు అక్కడినుంచే సోడియం తీగలు పింగాణీ పగుళ్లలోకి పాకి, అవతలి ఒడ్డు చేరితే షార్ట్ సర్క్యూటే.

మందులు రెండు రకాలు. 2017లో గుడ్‌ఇనఫ్ బృందమే నాసికాన్‌ను సోడియంతో కలిపి 380 డిగ్రీలకు వేడిచేసింది. మధ్యలో ఏర్పడిన పలుచని పొర సోడియాన్ని అంటనిచ్చింది. అప్పటికి ఆయనకు 94 ఏళ్లు. రెండోది బిగింపు. గట్టిగా నొక్కితే మెత్తని సోడియం జరిగి బొక్కలు పూడ్చుకుంటుంది. ల్యాబులో మరలు బిగించడం తేలికే. కారులో, ఫోనులో ఆ బిగింపును ఏళ్ల తరబడి నిలపడం బరువు, ఖర్చు. నాకు మొదటి మందు మీదే నమ్మకం.

ఘన సోడియం బ్యాటరీ సిద్ధమైందని ఈసారి ఎవరైనా ప్రకటిస్తే, దాన్ని ఎంత ఒత్తిడిలో బిగించి పరీక్షించారో ముందు అడగండి.