రెండో వరుసలోని కుర్రాళ్ళు

అమెరికాలో పిల్లలు చదువుకుంటున్న ఇళ్ళవారికి ఇది అనుభవమే. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఏ శనివారమైనా ఫోను చేస్తే, అబ్బాయి రెండు ముక్కలు మాట్లాడి "ఇవాళ మ్యాచ్ ఉందమ్మా, రేపు నేనే చేస్తాను" అని పెట్టేస్తాడు. మర్నాడు మాత్రం వివరంగా చెబుతాడు. ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని స్టేడియానికి నడిచిందనీ, లోపల ఇసుక వేస్తే రాలనంత జనమనీ. అందులో అతిశయోక్తి లేదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం ఒక్కదానిలోనే లక్షా ఏడు వేలమందికి పైగా పడతారు. ఇంత జనం చూడవచ్చేది పెద్ద పెద్ద వృత్తి ఆటగాళ్ళను కాదు. అదే కాలేజీలో చదువుకుంటున్న పద్ధెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళను.

జనం కళ్ళన్నీ మైదానంలో ఉన్న పదకొండుమంది మీదే ఉంటాయి. గీత అవతల హెల్మెట్ చేత పట్టుకుని పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళు మరో ఎనభై, తొంభై మంది ఉంటారు. ఈ ఏడాది తోటివాడికి చప్పట్లు కొట్టి, వచ్చే ఏడాది నా వంతు అని మనసులో అనుకునేవాళ్ళు. ఈ నాలుగు మాటలూ వాళ్ళ గురించి.

ఇది మన ఫుట్‌బాల్ కాదు

ఫుట్‌బాల్ అనగానే మనకు గుర్తొచ్చేది హైదరాబాద్ రహీం గారు శిక్షణ ఇచ్చిన జట్లు - 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు. కోడిగుడ్డు ఆకారంలో కొసలు తేలిన బంతిని చేతపట్టి పరుగెత్తడం, విసరడం, అడ్డుకోవడం, పడగొట్టడం ఇందులో ప్రధానం. బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు.

దాడి చేసే పదకొండుమంది వేరు, అడ్డుకునే పదకొండుమంది వేరు. బంతిని కాలితో తన్నే ఘట్టాలకు ఇంకో బృందం దిగుతుంది. అందుకే జట్టు అంత పెద్దది. 2025 నుంచి పెద్ద కాలేజీ జట్లలో ఎక్కువ వాటికి 105 మంది పరిమితి. వీళ్ళలో క్వార్టర్‌బ్యాక్ అనే స్థానానిదే పెద్దపీట. ప్రతి ఎత్తులోనూ బంతి ముందుగా అతని చేతికి వస్తుంది. విసరాలా, ఇంకొకరికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈ స్థానంలో ఒకేసారి ఇద్దరు ఆడటమన్నది దాదాపు ఉండదు. కాబట్టి ఒకడు ఆడితే, అంతే కష్టపడ్డ మరో ముగ్గురు నలుగురు నిలబడి చూడవలసిందే.

ఎర్ర చొక్కా ఏడాది

కాలేజీలో చేరిన కుర్రవాడు అయిదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడవచ్చన్నది అక్కడ ఎంతోకాలం నడిచిన పద్ధతి. మిగిలిన ఒక్క ఏడాదీ మ్యాచ్‌లు ఆడకుండా సాధన మాత్రమే చేస్తూ గడపవచ్చు. దాన్ని 'రెడ్‌షర్ట్' అంటారు. 1937లో నెబ్రాస్కా యూనివర్సిటీ ఆటగాడొకడు అలా ఆగిన ఏడాది నంబరు లేని ఎర్ర చొక్కాతో సాధనకు వచ్చేవాడని, దాన్నిబట్టే ఆ పేరు స్థిరపడిందని చెబుతారు. 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాది లెక్కలోకి రాకుండా వెసులుబాటు ఇచ్చారు.

ఆ ఏడాది కుర్రవాడు ఖాళీగా ఉంటాడనుకుంటే పొరపాటు. తెల్లవారకముందే లేచి వ్యాయామశాలలో బరువులు ఎత్తాలి. క్లాసులకు వెళ్ళాలి. పాత మ్యాచ్‌ల వీడియోలు మళ్ళీ మళ్ళీ చూసి ఎవరు ఎటు కదులుతున్నారో గుర్తుపెట్టుకోవాలి. సాధన సమయంలో, వచ్చే శనివారం ఎదురయ్యే జట్టు ఎలా ఆడుతుందో అచ్చం అలాగే ఆడి, తమ జట్టులోని పెద్దవాళ్ళకు చూపించాలి. మన నాటక సమాజాల్లో, రిహార్సల్స్‌కు రాలేకపోయిన నటుడి బదులు నిలబడి పద్యాలన్నీ అప్పజెప్పే కుర్రవాడిది కూడా ఇలాంటి పనే. నాటకం రోజున రంగస్థలం మీద అతడు కనిపించడు. కాని అతడు లేకపోతే నాటకం తయారుకాదు.

అసలు పరీక్ష వసంతకాలంలో వస్తుంది. చదువు ముగించినవాళ్ళు వెళ్ళిపోగా ఖాళీ అయిన స్థానాల కోసం మార్చి, ఏప్రిల్ నెలల్లో పదిహేను రోజుల సాధన ఉంటుంది. ప్రతి స్థానానికీ మొదట ఎవరు, తరవాత ఎవరు అని కోచ్ ఒక వరుస పట్టిక రాస్తాడు. రెండో వరుసలో ఉన్న కుర్రవాడికి ఆ కాగితం పరీక్ష ఫలితాలకంటే ముఖ్యం. సాధన చివర జట్టు రెండుగా చీలి తనలో తాను ఆడుకుంటుంది. 2016లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఈ ఆట చూడటానికే లక్షమందికి పైగా వచ్చారు. వచ్చే సీజన్‌లో ఎవరు వెలుగులోకి వస్తారో ముందే పసిగట్టాలన్న ఆరాటం ఊరివాళ్ళకు అంత ఉంటుంది.

ఉండిపోయినవాడు

కాలిఫోర్నియా కుర్రవాడు టామ్ బ్రేడీ 1995లో మిషిగన్ యూనివర్సిటీలో చేరేసరికి క్వార్టర్‌బ్యాక్‌ల వరుసలో అతనిది ఏడో స్థానం. మొదటి ఏడాది రెడ్‌షర్ట్. తరవాత రెండేళ్ళూ బెంచీయే. 1997లో బ్రయన్ గ్రీసీ సారథ్యంలో జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఇక బ్రేడీకి అవకాశం ఎక్కడిది? ఒక దశలో ఇంటికి దగ్గరగా ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీకి మారిపోదామా అనుకున్నాడు. ఆ రోజుల్లో గ్రెగ్ హార్డెన్ అనే సలహాదారు దగ్గర మొర పెట్టుకున్నాడు - సాధనలో తనకు రెండు మూడు ఎత్తులకు మించి ఇవ్వడం లేదని. ఆ ఇచ్చిన రెండు మూడూ లోపం లేకుండా ఆడి చూపించమన్నాడు హార్డెన్. అలాగే ఆడాడు. రెండు నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి.

1998లో స్థానం దక్కింది. అయినా కథ సుఖాంతం కాలేదు. 1999లో డ్రూ హెన్సన్ అనే కొత్త కుర్రవాడిని పోటీకి దింపారు. కోచ్ లాయిడ్ కార్ మొదటి పాతిక భాగం ఒకరికి, రెండో పాతిక ఒకరికి ఇచ్చి, విరామంలో ఎవరు కొనసాగాలో చెప్పేవాడు. ఏడు మ్యాచ్‌లు ఇలా నడిచాక స్థానం పూర్తిగా బ్రేడీకే వచ్చింది. 2000 జనవరి 1న ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో అలబామాను 35-34తో ఓడించి కాలేజీ ఆట ముగించాడు. ఆ ఏప్రిల్‌లో వృత్తి జట్లు ఆటగాళ్ళను ఎంచుకున్నప్పుడు అతని పేరు 199వది. తరవాత ఏడుసార్లు సూపర్ బౌల్ గెలిచాడు. బెంచీ మీద నేర్చిన ఓర్పు అక్కడ అక్కరకొచ్చింది.

దిగివచ్చి మళ్ళీ ఎక్కినవాడు

జేలెన్ హర్ట్స్‌ది ఇందుకు తిరగబడిన కథ. తండ్రి టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్. హర్ట్స్ 2016లో, చేరిన మొదటి ఏడాదే అలబామా యూనివర్సిటీకి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అతడు నడిపిన 28 మ్యాచ్‌ల్లో జట్టు ఓడింది రెండే. 2018 జనవరి 8న అట్లాంటాలో జార్జియాతో జాతీయ చాంపియన్‌షిప్ మ్యాచ్. విరామానికి 0-13తో వెనకబడి ఉన్నారు. కోచ్ నిక్ సేబన్ హర్ట్స్‌ను పక్కన పెట్టి టువా టాగోవాయిలోవా అనే తొలి ఏడాది కుర్రవాడిని పంపాడు. టువా 26-23తో గెలిపించాడు. దేశమంతా చూస్తుండగా స్థానం కోల్పోయిన హర్ట్స్, గీత దగ్గర నిలబడి అతన్ని అభినందించాడు.

అందరూ వెళ్ళిపోతాడనుకున్నారు. వెళ్ళలేదు. 2018 సీజనంతా రెండో వరుసలో ఉన్నాడు. డిసెంబరు 1న అదే అట్లాంటాలో, అదే స్టేడియంలో, అదే జార్జియాతో మ్యాచ్. చివరి పాతికలో టువా గాయపడ్డాడు. 21-28తో వెనకబడ్డ జట్టును హర్ట్స్ వచ్చి 35-28తో గెలిపించాడు. ఆ నెలలోనే డిగ్రీ పుచ్చుకుని, 2019కి ఒక్లహోమా యూనివర్సిటీకి మారాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జట్టు సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఉత్తమ ఆటగాడు అతడే.

వెళ్ళిపోయినవాడు

ఇక జో బరో. ఒహాయో రాష్ట్రంలో ఏథెన్స్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. 2015లో ఒహాయో స్టేట్‌లో చేరి మూడేళ్ళు ఎదురుచూశాడు. 2018 వసంతంలో డ్వేన్ హాస్కిన్స్‌తో పోటీ పడి, స్థానం తనకు రాదని తేలేసరికి లూసియానా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. అయితే వట్టి చేతులతో వెళ్ళలేదు. మూడేళ్ళలోనే డిగ్రీ పూర్తిచేశాడు. ఆనాటి నియమాల ప్రకారం మామూలుగా కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. డిగ్రీ ఉన్నవాడికి ఆ శిక్ష లేదు. 2019లో అతని జట్టు 15 మ్యాచ్‌లకు 15 గెలిచింది. అతడు 60 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. కాలేజీ కోచ్‌గా ఉన్న తండ్రి, కొడుకు ఆఖరి సీజన్ కళ్ళారా చూడాలని ముందే విరమించుకున్నాడు. ఆ డిసెంబరులో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకుంటూ బరో, తన ప్రాంతంలో తిండికి లేని పిల్లలను తలచుకుని కంటతడి పెట్టాడు. ఆ మాటలు విన్న జనం అక్కడి అన్నార్తుల కోసం ఇచ్చిన విరాళాలు అయిదు లక్షల డాలర్లు దాటాయి.

మారిన రోజులు

ఈ ముగ్గురి తరవాత ఆట వెలుపలి నియమాలు చాలా మారాయి. 2018 అక్టోబరులో, కాలేజీ మారదలచినవాళ్ళు పేరు నమోదు చేసుకునే 'ట్రాన్స్‌ఫర్ పోర్టల్' వచ్చింది. 2021లో ఒకసారి మారితే ఏడాది ఆగనక్కర లేదన్నారు. 2024లో చదువు సక్రమంగా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. 2021 జూలై నుంచి ఆటగాడు తన పేరుతో, బొమ్మతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వడం మొదలైంది. అదే ఏడాది నెబ్రాస్కా తమ వసంతకాలపు ఆటను పాత పద్ధతిలో జరపలేదు. జనానికి చూపిస్తే తమ కుర్రాళ్ళను వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారన్నది కోచ్ భయం!

ఆటగాడి చెమటతో కాలేజీలు కోట్లు గడించి, అతనికి మాత్రం కట్టుబాట్లు పెట్టిన కాలంతో పోలిస్తే ఇది న్యాయమే. అయితే చిక్కూ ఉంది. ఏటా వేలమంది పోర్టల్‌లో పేరు రాయించుకుంటున్నారు. అందరికీ కొత్త చోటు దొరకదు. పాత చోటు తిరిగి దక్కుతుందన్న హామీ లేదు. మూడు కాలేజీలు మారినవాడికి క్రెడిట్లు సరిపడక డిగ్రీ వెనకబడవచ్చు. అగ్రశ్రేణిలో 130కి పైగా జట్లున్నాయి, ఒక్కోదానిలో వందమంది. వృత్తి జట్లు ఏటా ఎంచుకునేది 250 పైచిలుకు. కాలేజీలో ఆడిన నూరుమందిలో ఆ గడప దాటేవాళ్ళు ఇద్దరికి మించరు. మోకాలికి ఒక్క గాయమైతే ఆ లెక్క కూడా ఉండదు.

కనుక, ఉండటం గొప్పా, వెళ్ళడం గొప్పా అన్న ప్రశ్నకు జవాబు ఒకటి కాదు. బ్రేడీ ఉన్నాడు. బరో వెళ్ళాడు. హర్ట్స్ రెండూ చేశాడు. ముగ్గురిలోనూ సమానంగా ఉన్నది ఒక్కటే. పిలుపు రాని రోజుల్ని వాళ్ళు వృథా చేసుకోలేదు. వెళ్ళిన ఇద్దరూ డిగ్రీ చేతపట్టుకుని వెళ్ళారు.

తాతముత్తాతలు ఊరు వదిలి కోలారుకో, కోయంబత్తూరుకో, బరంపురానికో, షోలాపురానికో చేరితే అక్కడ పుట్టి పెరిగినవాళ్ళం మనలో ఎందరో. ఊరు మారడం తప్పని మనం అనలేం. ఉన్న ఊళ్ళో ఓపిక పట్టినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళనీ అనలేం. వచ్చినవాళ్ళు చేతిలో ఒక పనితనం, నోట్లో ఒక భాష పట్టుకుని వచ్చారు గనుక నిలబడ్డారు. మన ఇంట్లో పిల్లవాడు క్రికెట్ జట్టులో పన్నెండోవాడుగా మిగిలినా, అమ్మాయి నాట్య ప్రదర్శనలో వెనక వరుసలో నిలబడినా, "నిన్ను ఎందుకు ముందుకు పిలవలేదు?" అని అడగడం మనకు అలవాటు. ఈసారి "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడిగి చూద్దాం. పిలుపు కోచ్ చేతిలో ఉంటుంది. నేర్చుకోవడం వాళ్ళ చేతిలోనే ఉంటుంది.