ఇంటి కప్పు బాగుచేయిస్తున్నారా? గాలికి దారి ఉంచండి

తొలకరి పడేలోపు మన జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో పాత పెంకుటిళ్ళ మరమ్మతులు మొదలవుతాయి. పగిలిన పెంకులు మార్పించేవారు కొందరు, పెంకులు దించి రేకులు వేయించేవారు కొందరు. ఈ మధ్య చాలామంది వాసాల కింద పీఓపీ సీలింగు కొట్టించి, గోడకూ చూరుకూ మధ్య సందులన్నీ సిమెంటుతో పూడ్పిస్తున్నారు. కోతుల బాధ, ఎలుకల బాధ, సిమెంటు లారీల దుమ్ము బాధ నాకు తెలియనివి కావు. వాన కారకుండా చేసుకోవడమూ మంచిదే. నేను చెప్పదలచింది గాలి సంగతి.

కొన్నేళ్ళ క్రితం చలికాలంలో, తెల్లవారుజామున ఒక బాలింతను, పసిబిడ్డను ఆటోలో తీసుకొచ్చారు. తల్లికి విపరీతమైన తలనొప్పి, వాంతులు. బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగడంలేదు. ఇద్దరికీ జ్వరం లేదు. అడగగా తెలిసింది, గది కొత్తగా బాగుచేయించారట. సీలింగు వేశారు, వెంటిలేటరుకు అట్ట కొట్టారు. బాలింతకు చలి తగలకూడదని రాత్రంతా బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూశారు. ఆక్సిజన్ పెట్టాక ఇద్దరూ కోలుకున్నారు.

బిడ్డ అమ్మమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నా ఆరు కాన్పులకూ కుంపటి పెట్టుకున్నానమ్మా, ఎవరికీ ఏమీ కాలేదే!" అంది. ఆమె మాటా నిజమే. ఆ కాన్పులన్నీ నాటు పెంకుల కింద జరిగాయి. వేడి గాలి, దానితోపాటు విషవాయువు పెంకుల సందుల్లోంచి పైకి పోయేవి.

బొగ్గులు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. పొగ కనబడకపోయినా అది ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం పోవచ్చు. గాలి ఆడని బాత్‌రూములో గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వస్తే ముందుగా తలుపులు తెరిచి అందరినీ బయటికి తీసుకురండి. తరువాత వెంటనే ఆసుపత్రికి రండి.

చలి దేశాల్లో పాత ఇళ్ళు బాగుచేసేటప్పుడు కప్పులో ప్రతి సందూ మూస్తారని విదేశాల్లో ఉన్న మన పిల్లలు చెబుతుంటారు. ఇంట్లో వేడి పోకుండా వాళ్ళకది అవసరం. కాని అక్కడ గాలి మారడానికి విడిగా ఫ్యాన్లు అమరుస్తారు, ఈ విషవాయువును పసిగట్టి మోగే అలారాలు పెడతారు. మనం సందులు మాత్రమే మూస్తున్నాం.

కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పొగగొట్టం లేకుండా సీలింగు వేయించవద్దు. ఇంట్లో క్షయ రోగి ఉంటే మరీ జాగ్రత్త. దగ్గినప్పుడు వెలువడే క్రిములు గాలి మారని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి.

ఎండ సంగతంటారా? 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వందలాదిమంది చనిపోయారు. స్లాబు మీద తెల్లసున్నం వేస్తే వేడి కొంత తగ్గుతుంది, దానికి సందులు మూయనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. పాత సిమెంటు రేకులను మాత్రం పగలగొట్టవద్దు, కోయవద్దు. వాటిలోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు కేన్సరు తెస్తుంది. తడిపి, విరగకుండా దించమని మేస్త్రీకి చెప్పండి.

కోతుల భయం ఉంటే వెంటిలేటరుకు అట్ట బదులు ఇనుప జాలీ కొట్టించండి. బిడ్డ టీకాలకు వచ్చినప్పుడు, తామూ అదే చేయించామని ఆ అమ్మమ్మ చెప్పింది. కుంపటి మాత్రం పారేయలేదట, అటక మీద ఉందట.