బీపీ మిషన్ కంపెనీ షేరు కొనొచ్చా? ఓమ్రాన్ గురించి మన ఇళ్లవారికి నాలుగు మాటలు

గోండ్‌పిప్రిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో, పెద్దవాళ్లున్న చాలా ఇళ్లలో ఇప్పుడు బీపీ చూసే మిషన్ ఉంటోంది. దాని మీద ఓమ్రాన్ అన్న పేరూ తరచుగా కనిపిస్తుంది. పుణె, హైదరాబాద్‌లలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలేమో ఫోన్లలోనే విదేశీ షేర్లు కొంటున్నారు. ఈ రెండూ కలిసి, "ఆ మిషన్ కంపెనీ షేరు మనమూ కొనొచ్చా?" అని సభ్యులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. రిటైరైనప్పుడు వచ్చిన ప్రావిడెంట్ ఫండ్ డబ్బు గురించి కూడా ప్రశ్న వచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నాం. కొనమని చెప్పడం మా ఉద్దేశం కాదు, వద్దని చెప్పడమూ కాదు. పొలం కొనేముందు సాత్‌బారా చూసుకున్నట్టే షేరు కొనేముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవే ఇక్కడ చెబుతున్నాం.

కంపెనీ ఎక్కడిది?

కజుమా తాతెయిషి అనే ఇంజినీరు 1933లో జపాన్‌లోని ఒసాకాలో దీన్ని మొదలుపెట్టారు. ఎక్స్‌రే తీసేటప్పుడు కిరణాలు ఎంతసేపు పడాలో కచ్చితంగా కొలిచే టైమరు ఆయన తొలి సరుకు. యుద్ధకాలం తరువాత కంపెనీ క్యోటో నగరంలో స్థిరపడింది. అక్కడి ఒమురో అనే ప్రాంతం పేరు నుంచే ఓమ్రాన్ అన్న బ్రాండు వచ్చింది. 1964లో వాహనాల రాకపోకలను బట్టి తనంతట తానే మారే ట్రాఫిక్ సిగ్నల్, 1967లో టికెట్లను మిషనే పరీక్షించే రైల్వే స్టేషన్ గేట్లు, 1973లో తొలి బీపీ మిషన్ తెచ్చారు. 1990లో కంపెనీ పేరు కూడా ఓమ్రాన్ అయింది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మనకు బీపీ మిషన్‌తోనే ఈ పేరు తెలుసు గానీ, కంపెనీ అమ్మకాల్లో దాదాపు సగం ఫ్యాక్టరీలకు అమ్మే ఆటోమేషన్ సామాన్ల నుంచి వస్తుంది. బీపీ మిషన్లు, నెబ్యులైజర్లు వంటి ఆరోగ్య పరికరాల వాటా ఐదో వంతు కంటే తక్కువ. మిగిలినది రిలేలు, స్విచ్చులు వంటి విడిభాగాలు, రైల్వే స్టేషన్ల వ్యవస్థలు మొదలైన వాటిది. 2023లో జేఎండీసీ అనే ఆరోగ్య సమాచార సంస్థనూ తన అధీనంలోకి తెచ్చుకుంది.

చంద్రపూర్ థర్మల్ స్టేషన్‌లో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులో, గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఆటోమేషన్ కొత్త కాదు. బెల్టు మీద సంచి వచ్చిందా లేదా చూసేది సెన్సర్. దాన్ని బట్టి మోటారు ఆపాలా నడపాలా నిర్ణయించేది పీఎల్‌సీ. ఆ ప్రకారం కరెంటు కలిపేది, తెంపేది రిలే. ఇలాంటి సామాన్లే ఓమ్రాన్‌కు ప్రధాన వ్యాపారం.

మంచి పేరున్నా లాభం ఎందుకు పడింది?

ఆ కంపెనీ లెక్కల సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి వరకు. 2022-23లో అమ్మకాలు సుమారు 87,600 కోట్ల యెన్లు, నికర లాభం సుమారు 7,390 కోట్ల యెన్లు. మరుసటి ఏడాది అమ్మకాలు సుమారు 81,900 కోట్లకు తగ్గాయి. ఆరేడు శాతమే తగ్గుదల. కానీ లాభం సుమారు 810 కోట్లకు పడిపోయింది. అంటే తొమ్మిదో వంతు మిగిలింది.

కారణం బీపీ మిషన్లు కాదు. చైనాలో కొత్త ఫ్యాక్టరీల పెట్టుబడి మందగించింది. చిప్పులు, బ్యాటరీలు తయారుచేసే కంపెనీలు యంత్రాలు కొనడం వాయిదా వేశాయి. డీలర్ల దగ్గర పాత సరుకు పేరుకుపోయింది. గోదాం నిండా సరుకున్న వ్యాపారి కొత్తగా ఆర్డరు పెట్టడు కదా. అమ్మకం తగ్గినా జీతాలు, ఫ్యాక్టరీ ఖర్చులు అంతగా తగ్గవు కాబట్టి దెబ్బ లాభం మీద పడింది. 2024 ఫిబ్రవరిలో జపాన్‌లో సుమారు 1,000, బయట దేశాల్లో సుమారు 1,000 ఉద్యోగాలు తగ్గిస్తామని కంపెనీ ప్రకటించింది. ఇంత జరిగినా ఆ ఏడాదికి షేరుకు 104 యెన్ల డివిడెండు ఇచ్చింది. కాబట్టి మునిగిపోయే కంపెనీ అనలేం. అలాగని ఏటా ఒకేలా సంపాదించే కంపెనీ అని కూడా అనలేం.

ఇక్కడి నుంచి కొనాలంటే

2023 మేలో తమిళనాడు ప్రభుత్వంతో ఓమ్రాన్ ఆరోగ్య విభాగం 128 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. చెన్నై దగ్గర బీపీ మిషన్ల తయారీ కోసం. ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టినంత మాత్రాన షేరు ఇక్కడ దొరకదు. ఈ షేరు టోక్యో మార్కెట్‌లో 6645 నంబరుతో నడుస్తుంది, మన ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈలలో లేదు. టోక్యోలో ఒక లాటు అంటే 100 షేర్లు.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపుకోవచ్చు. అది బ్యాంకు ద్వారా, పాన్ నంబరుతో జరగాలి. షేరు ధర మారకపోయినా, రూపాయితో పోలిస్తే యెన్ విలువ తగ్గితే మనకు నష్టమే. డివిడెండులో జపాన్‌లోనే కొంత పన్ను కోస్తారు.

పెన్షనర్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. విదేశీ షేరు ఒక్కటి ఉన్నా సహజ్ ఫారం చెల్లదు. ఆదాయం పన్ను పరిమితి కంటే తక్కువైనా రిటర్ను వేసి, విదేశీ ఆస్తుల షెడ్యూలులో ఆ షేరు చూపించాలి. పిల్లలు మన పేరు మీద కొన్నా ఈ బాధ్యత మనదే.

"జపాన్ కంపెనీ షేర్లు, నెలకు ఇంత గ్యారంటీ" అంటూ ఎవరి సొంత యూపీఐకో డబ్బు వేయమని మెసేజ్ వస్తే అది మోసమే. ఏ షేరుకూ నెలవారీ గ్యారంటీ ఉండదు. ఇప్పటికే డబ్బు వేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. తొందరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది.

మందులకు, మనవరాలి ఫీజుకు, ఇంటి మరమ్మతుకు కావలసిన డబ్బును పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉంచుకోవడమే మేలని మా అభిప్రాయం. అవన్నీ పోను, ఐదారేళ్లు ముట్టుకోనక్కరలేని డబ్బు మిగిలితే అప్పుడు ఆలోచించవచ్చు. ఎవరైనా యాప్ మీద సంతకం పెట్టమన్నా, ఫారం నింపమన్నా ముందు ఆ కాగితాలు సంఘానికి తీసుకురండి. కలిసి కూర్చుని చదువుదాం.