కుళాయి నీటిలో ఏమున్నది? హద్దు ఎంత?
ఉద్దానం నేర్పిన పాఠం – గుర్ల చేసిన హెచ్చరిక

పలాస: ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు అరుదు. రక్తపరీక్ష చీటీతో బస్సు దిగిన మనిషిని ఎదురుపడినవారు ముందుగా అడిగేది ‘ఎంత వచ్చింది?’ అనే. ఆ అంకె 1.2 దాటి పైకి పోతున్నకొద్దీ ఇంటిల్లిపాదికీ దిగులే. కాని అదే ఇంటిలో బిందెలోని నీళ్ళలో ఏది ఎంత ఉన్నది, ఎంత వరకు ఉండవచ్చును అని అడిగితే చెప్పగలవారు బహు తక్కువ. రక్తానికి హద్దులున్నట్టే నీటికీ హద్దులున్నాయి. వాటిని తెలుసుకోవడం డాక్టర్లకూ ఇంజనీర్లకూ మాత్రమే వదిలిపెట్టవలసిన పని కాదు.

పచ్చని నేలలో పాడు రోగం

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో సముద్రం వెంబడి పచ్చగా కనిపించే ప్రాంతమిది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలమట్టం చేసింది. తుపానుకు ముందునుంచీ, దశాబ్దాలుగా, మూత్రపిండాల వ్యాధి ఈ ఊళ్ళను తినేస్తున్నది.

2019, 2020 సంవత్సరాలలో ప్రచురితమైన వైద్య పరిశీలనల ప్రకారం ఇక్కడి పెద్దలలో దాదాపు అయిదుగురికి ఒకరు ఈ వ్యాధితో ఉన్నారు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి మూత్రపిండాలు చెడడం ఎక్కడైనా ఉన్నదే. ఆ రెండూ లేనివారికి సైతం, తోటపని చేసుకొనే కష్టజీవులకు సైతం ఈ వ్యాధి రావడమే ఉద్దానం విషాదం. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులలోనూ, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలలోనూ ఇటువంటి వ్యాధే కనిపించింది. అక్కడ కూడా దీనికి ‘కారణం తెలియని మూత్రపిండ వ్యాధి’ అనే పేరు పెట్టారు.

అనుమానం నీటి మీదనే

ఇంత మందికి ఒకే వ్యాధి వస్తే జనం చూపు ముందుగా పడేది తాగునీటి మీదనే. ఇక్కడివారు తరతరాలుగా తాగినది నేలబావుల నీరు, ఆ తరువాత బోరింగుల నీరు. దేశ విదేశాల నిపుణులు వచ్చి ఆ నీటిని సీసాలలో పట్టుకుపోయారు. ఒకరు సిలికాను అనుమానించారు. మరొకరు సీసం వంటి భార లోహాలను, ఇంకొకరు పురుగుమందుల అవశేషాలను అనుమానించారు. ఎండలో చెమటోడ్చి సరిపడ నీరు తాగకపోవడం, ఒళ్ళు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని మింగడం, వంశపారంపర్యం కూడా అనుమానితుల జాబితాలోనే ఉన్నాయి. ఫలానాది ఒక్కటే దోషి అని తేల్చి చెప్పగల రుజువు మాత్రం రాలేదు. అన్ని ఊళ్ళ నీటికీ ఒకే లెక్క కూడా రాలేదు. పక్కపక్క బావులలోనే తేడాలుంటాయి. కనుక ఒక బావి ఫలితాన్ని పట్టుకొని ఊరంతటికీ తీర్పు చెప్పరాదు.

హద్దు అంటే ఏమిటి?

తాగునీటికి దేశమంతటా వర్తించే కొలబద్ద ఒకటి ఉన్నది. అది భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన 10500 నంబరు ప్రమాణం. 2012లో దానిని సవరించి ప్రచురించారు. అందులో కొన్ని పదార్థాలకు రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఉండదగిన హద్దు. రెండవది ఊరికి వేరే నీటి ఆధారం లేనప్పుడు మాత్రమే సరిపెట్టుకోదగిన హద్దు. చాలామంది ఈ రెండవ అంకెను చూపి ‘నీరు బాగానే ఉన్నది’ అంటుంటారు. మెరుగైన నీరు దొరికే చోట ఆ మాట చెల్లదు.

ఫ్లోరైడు మొదటి హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, రెండవ హద్దు ఒకటిన్నర. కరిగిన లవణాలన్నీ కలిపి 500 మిల్లీగ్రాములు, గత్యంతరం లేకపోతే 2,000 వరకు. నీటి కాఠిన్యం 200, ఆపైన 600. ఉప్పదనానికి కారణమైన క్లోరైడు 250, ఆపైన 1,000. ఎరువులనుంచీ, పెంటకుప్పలనుంచీ, మరుగుదొడ్ల గుంటలనుంచీ దిగే నైట్రేటుకు ఒకటే హద్దు: 45. దానికి సడలింపు లేదు. సీసానికీ సడలింపు లేదు. దాని హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. కాడ్మియం 0.003, పాదరసం 0.001 దాటరాదు.

మిల్లీగ్రాము లెక్క అంతుపట్టనివారు ఇలా చూసుకోవచ్చును. వెయ్యి లీటర్లు పట్టే తొట్టెలో ఒక్క గ్రాము కలిస్తే అది లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఫ్లోరైడు హద్దు అంతే. సీసం సంగతి ఇంకా కఠినం. ఊళ్ళో నలభై వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే, ఆ ట్యాంకు మొత్తంలో సీసం అర గ్రాము కూడా ఉండరాదు. అంత కొద్దిపాటిది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. నీరు తేటగా ఉన్నది, తియ్యగా ఉన్నది అన్నంత మాత్రాన మంచినీరు కాదని దీనినిబట్టి గ్రహించవచ్చును.

జాబితాలో లేని సిలికా

ఉద్దానం సందర్భంలో గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. సిలికాకు ఈ ప్రమాణంలో హద్దే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తాగునీటిలో దానికి ఒక అంకె పెట్టలేదు. రాళ్ళనుంచి, ఇసుకనుంచి కరిగి భూగర్భ జలంలోకి వచ్చే పదార్థం కనుక అది చాలాచోట్ల సహజంగానే ఉంటుంది. ఇంత మించితే మూత్రపిండాలకు కీడు అని తేలితేనే హద్దు పెట్టడం కుదురుతుంది. కాబట్టి ‘పరీక్షలో అన్నీ హద్దులోనే ఉన్నాయి’ అనే చీటీ వచ్చినంత మాత్రాన అనుమానాలన్నీ తీరిపోవు. అలాగే ఏదో ఒకటి హద్దు దాటినంత మాత్రాన వ్యాధికి అదే కారణమనీ చెప్పలేము.

తోటపని చేసేవారి దప్పిక కూడా లెక్కలోకి రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా పదార్థాలకు హద్దులు కట్టేటప్పుడు పెద్దవారు రోజుకు రెండు లీటర్ల నీరు తాగుతారని అంచనా వేసింది. వైశాఖ మాసపు ఎండలో జీడిపిక్కలు ఏరే మనిషికి రెండు లీటర్లు మధ్యాహ్నానికే చాలవు. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉన్న నీరు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 2 మిల్లీగ్రాములు. అయిదు లీటర్లు తాగితే 5 మిల్లీగ్రాములు. అంతమాత్రాన నీరు తాగడం తగ్గించడం పొరపాటు. ఎండలో నీరు చాలకపోవడమే మూత్రపిండాలకు చేటు. తాగేది తగ్గించక, తాగే నీటి నాణ్యతను పెంచుకోవాలి. వ్యాధి ఇప్పటికే ఉన్నవారు ఎంత నీరు తాగాలన్నది మాత్రం డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

కాచినా పోనివి కొన్ని

నీరు కాస్తే అన్నీ పోతాయన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉన్నది. క్రిముల విషయంలో అది నిజం. ఫ్లోరైడు, నైట్రేటు, సీసం వంటివి కాచినా పోవు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో వాటి పాలు పెరుగుతుంది. ఫ్లోరైడు కీడు తెలుగు నేలకు కొత్త కాదు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఎముకలు బిగుసుకుపోయిన రోగులను చూసి దానిని గుర్తించారు. నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతి నల్లగొండ పేరుతోనే పేరు పొందింది.

ఇక జేబులో పెట్టుకు తిరిగే టి.డి.ఎస్. మీటరు సంగతి. నీళ్ళ డబ్బాలు అమ్మేవారు దానిని ముంచి అంకె చూపి మెప్పిస్తారు. అది చెప్పేది మొత్తం లవణాల అంచనా మాత్రమే. అందులో ఫ్లోరైడు ఎంత, సీసం ఉన్నదా, క్రిములున్నాయా అన్నది ఆ మీటరు చెప్పలేదు.

వంశధార నీరు వచ్చింది

కారణం తేలేదాకా జనాన్ని అదే భూగర్భ జలం తాగుతూ ఉండమనడం న్యాయం కాదు. తొలుత ఉద్దానం ఊళ్ళలో ఆర్.ఓ. కేంద్రాలు పెట్టి డబ్బాలతో నీరిచ్చారు. ఆ తరువాత హిరమండలం జలాశయంనుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా తెచ్చే పథకానికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. సుమారు 700 కోట్ల రూపాయల వ్యయంతో, 807 ఆవాసాలకు నీరిచ్చే లక్ష్యంతో చేపట్టిన ఈ పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా ఆ రోజే ప్రారంభమయ్యాయి. నేల నీటికి బదులు నది నీరు తాగితే కొత్తగా వ్యాధి పడేవారి సంఖ్య తగ్గుతుందా లేదా అన్నది రాగల సంవత్సరాలలోనే తెలుస్తుంది. అందుకోసమైనా, ఏ ఊరు ఏనాటినుంచి ఏ నీరు తాగుతున్నదో రాసిపెట్టడం అవసరం.

గుర్ల మరువరాదు

నది నీరు వచ్చిందని నిశ్చింతగా ఉండడానికీ వీలు లేదు. విజయనగరం జిల్లా గుర్ల మండలంలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వందల మంది మంచం పట్టారు. తాగునీరు కలుషితం కావడంపైనే అందరి వేళ్ళూ చూపాయి. ఉద్దానంలో అనుమానిస్తున్నవి ఏళ్ళ తరబడి లోలోపల పనిచేసేవి. అతిసార క్రిములు మాత్రం ఒక్క రాత్రిలో మనిషిని పడగొడతాయి. గొట్టం మురుగుకాలువలో నుంచి పోతూ ఎక్కడో చిల్లి పడితే, సరఫరా ఆగిన వేళ మురుగు లోపలికి దూరుతుంది. మరునాడు కుళాయి తిప్పగానే అదే బిందెలో పడుతుంది.

ఈ విషయంలో ప్రమాణం ఏమాత్రం మెత్తబడదు. 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలి అనే క్రిమి ఒక్కటి కూడా కనబడరాదు. అందుకు కాపలా క్లోరిన్. ట్యాంకు దగ్గర కలపడమే చాలదు, చిట్టచివరి వీధి కుళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. మంచి బ్లీచింగు పొడి అయితే వెయ్యి లీటర్ల తేట నీటికి సుమారు రెండున్నర గ్రాములు చాలును. కలిపిన తరువాత గంటసేపు ఆగి నీరు వదలాలి. మూత తీసి పారేసిన సంచిలోని పొడి బలం పోయి ఉంటుంది. అది ఎంత చల్లినా సున్నం చల్లినట్టే.

ఊరివారు చేయదగినవి

చివరి కుళాయి నీటిలో క్లోరిన్ ఉన్నదా లేదా అన్నది క్లోరోస్కోపుతో రెండు నిమిషాలలో తెలుస్తుంది. మందు చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరగాలి. తిరగకపోతే కాపలా లేనట్టే. క్రిముల అనుమానం ఉంటే ప్రత్యేక సీసాలో నీరు పట్టి ఉంచుతారు. ఒకటి రెండు రోజులలో నల్లబడితే ఆ నీరు తాగరాదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు ఇటువంటి పరీక్షలు నేర్పాలని నిర్ణయించారు. తాగునీటికి ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, వానలకు ముందూ తరువాతా క్రిముల పరీక్ష జరగాలన్నది నియమం. సీసం, కాడ్మియం వంటి లోహాలు మాత్రం పెద్ద ప్రయోగశాలలోనే తేలుతాయి.

జరిగిన పరీక్ష ఫలితం ఫైలులో ఉండిపోతే ఊరికి ఒరిగేదేమీ లేదు. ఊరిలో ఎన్ని నీటి ఆధారాలున్నాయి, ఏది ఏ తేదీన పరీక్షించారు, ఏది ఎంత వచ్చింది, దాని హద్దు ఎంత అన్నది పంచాయతీ కార్యాలయం గోడపై అందరికీ కనబడేట్టు రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. గ్రామసభలో ఆ పట్టికను చదివి వినిపించమని అడిగే హక్కు ప్రతి గ్రామస్థునికీ ఉన్నది.

క్రియాటినిన్ అంకెను ఉద్దానం ప్రజలు బాధపడి నేర్చుకున్నారు. కుళాయి నీటి అంకెలను ఆ బాధ రాకముందే నేర్చుకోవడం రెండు జిల్లాల పల్లెలకూ మేలు. ‘ఎంత వచ్చింది?’ అన్న ప్రశ్న ఆసుపత్రి గుమ్మంలో కన్నా ముందు ట్యాంకు దగ్గర వినిపించాలి.