అస్తమయ శలభము

పగటివేళ పూలపై వ్రాలునది సీతాకోకచిలుక యనియు, రాత్రివేళ దీపముచుట్టు తిరుగు వన్నెలేని పురుగు శలభమనియు పలువురు తలంతురు. ఈ తలంపును తారుమారు చేయు శలభమొకటి మడగాస్కరు ద్వీపమున కలదు. అది పట్టపగలే యెగురును. నల్లని రెక్కలపై ఆకుపచ్చని చారలు మెరయును. వెనుక రెక్కలలో నీలము, పసిడి, ఎరుపు వన్నెలు కలసి సంధ్యాకాంతిని తలపించును. అందుచేతనే ఆంగ్లమున దానికి సూర్యాస్తమయ శలభమని పేరు కలిగెను. చాచిన రెక్కల వెడల్పు 7 మొదలు 9 సెంటీమీటర్లు. వెనుక రెక్కల అంచున తెల్లని కుచ్చును, సన్నని తోకలును ఉండును.

లండనులో వెండిపని వర్తకుడై, కీటకములను సేకరించుచుండిన డ్రూ డ్రురీ 1773లో దీనిని వర్ణించెను. ఆయనకు చేరిన నమూనా చీనానుండియో వంగదేశమునుండియో వచ్చినదని చెప్పబడెను! రూపమును చూచి ఆయన దానిని సీతాకోకచిలుకగా నెంచి 'పపిలియో' అను ప్రజాతిలో చేర్చెను. మన పెరళ్లలో నిమ్మ, కరివేప చెట్లపై పెరుగు తోకల సీతాకోకచిలుకలు ఆ ప్రజాతివే. పోలిక యంతటిది గనుక ఆయనను తప్పుపట్ట నక్కరలేదు.

అయినను వన్నెలు వర్గమును నిర్ణయింపవు; అందుకు శరీరనిర్మాణమును చూడవలెను. సీతాకోకచిలుక మీసముల కొసను చిన్న గుబ్బ యుండును. ఈ ప్రాణి మీసములు దారమువలె సన్నగా నుండును. కొసను గుబ్బ లేదు. 1823లో జర్మను శాస్త్రజ్ఞుడు యాకోబ్ హ్యూబ్నర్ దీనికై 'క్రిసిరిడియా' అను ప్రత్యేక ప్రజాతి నేర్పరచెను. నేడిది యురానియిడే అను శలభకుటుంబమున చేరియున్నది. అమెరికా ఉష్ణమండలమున పగలు తిరుగు యురానియా శలభములు దీని దాయాదులు.

మరియొక వింత కలదు. ఈ రెక్కలలో నలుపు మాత్రమే నిజమైన రంగు. తక్కిన వన్నెలు రంగుద్రవ్యమువలన కలిగినవి కావు. రెక్కలపై వంపు తిరిగిన సూక్ష్మమైన పొలుసులు పెంకులవలె పేర్చబడియుండును. ఒక్కొక్క పొలుసులో పలుచని పొరలు కలవు. వెలుగు ఆ పొరలపై పడి మరలునపుడు కొన్ని వన్నెలు బలపడును, కొన్ని అణగిపోవును. సబ్బుబుడగపై రంగులాడుటయు ఇట్టిదే. కుడియెడమల చిత్రణము సైతము తరచుగా సరిపోలదు. విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండులో ఈ రెక్కలతో నగలు చేసిరి. పాపము, అందమే దానికి చేటు తెచ్చెను.

దీని గొంగళిపురుగులు ఓంఫాలియా మొక్కల ఆకులను మాత్రమే తినును. ఆ ఆకులలోని విషము శలభదశ వరకు శరీరమున నిలుచును. మిలమిలలాడు వన్నెలు పక్షులకు హెచ్చరికలు. ఆ మొక్కలలో మూడు జాతులు ద్వీపపు పడమటి పొడి అడవులలోను, ఒకటి తూర్పు వానయడవులలోను పెరుగును. ఒకచోట ఆకులు విస్తారముగా తినబడినపుడు మొక్కలలో విషము హెచ్చును. అప్పుడు శలభములు గుంపులుగా రెండవవైపునకు వలసపోవును. కావున వానికి రెండువైపుల అడవులును కావలెను. సేద్యమునకై నరికి కాల్చుటచే ఆ అడవులు రెండును తరిగిపోవుచున్నవి.