ఫైలు దిద్దు పనిముట్టులు - వాని వివరణల పరీక్ష

తాళపత్రగ్రంథములు వ్రాయు లేఖకుఁడు నడుమ నొక యక్షరము విడిచినచో ఆ తావున హంసపాద మను గుర్తు నుంచి, విడిచినదానిని పంక్తికిఁ బైననో ప్రక్కనో వ్రాయుచుండెను. ఆ గుర్తున కర్థము చదువరుల కెల్లరకుఁ దెలిసియుండుటచేతనే యది దిద్దుబాటయ్యెను. తెలియనివాని కదియు నొక గీఁతయే. నేఁడు నేను మనవి చేయఁబోవునదియు నిట్టి దిద్దుబాటును గూర్చియే. కాని దిద్దువాఁడు మనుష్యుఁడు కాఁడు.

కృత్రిమమేధ యనఁబడు యంత్రము మాటలు కూర్పఁగలదే కాని దానికిఁ జేతులు లేవు. ఫైలు తెఱచుటకును, చదువుటకును, దిద్దుటకును దానికిఁ గొన్ని పనిముట్టుల నొసంగుదురు. అట్లు పనిముట్టులు పట్టి పని నెఱవేర్చు యంత్రమును ఏజెంటు అందురు. ప్రతి పనిముట్టునకును ఒక పేరు, ఒక వివరణ, పూరింపవలసిన గళ్లు నుండును. వేర్వేఱు సంస్థలవారి పనిముట్టు లన్నియు నీ పద్ధతినే యంత్రమునకుఁ దెలుపఁబడుటకై 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థవారు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను నొక యొడంబడికను బ్రకటించిరి. పనిముట్టు లోపల నేమున్నదో ఏజెంటు సాధారణముగాఁ జూడదు. అది చదువునది వివరణ మాత్రమే. క్రొత్తగాఁ గొలువులోఁ జేరిన గుమాస్తా సందేహము వచ్చినచోఁ బ్రక్కబల్లవాని నడుగును. ఇది చాలమా ఱడుగక తనకుఁ దోఁచినట్లు చేసివేయును.

ఒక దృష్టాంతము చెప్పెదను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుఫాను మన పలాస ప్రాంతమునఁ దీరము దాఁటి, ఉద్దానములోని కొబ్బరిచెట్లను జీడితోఁటలను గూల్చినది మీరెల్లరు నెఱుఁగుదురు. అట్టి నష్టము పొందినవారి పట్టిక యొకటి ఫైలులో నున్నదనుకొందము. అందు ఒక అప్పారావు పేరు తప్పుగాఁ బడినది. దిద్దుమని ఏజెంటున కాజ్ఞయైనది. ఇచట వాడుకలో నున్న పనిముట్టు పాతమాటను వెదకి క్రొత్తమాటను బెట్టునది. మన యూళ్లలో అప్పారావు లెందఱు? పట్టికలోఁ బదితావుల నా పేరుండిన నేమగును? మొదటిదానినే మార్చునా, అన్నిఁటిని మార్చునా, లేక "ఈ మాట పలుతావుల నున్నది, ఇంకను గుర్తు చెప్పుము" అని త్రోసిపుచ్చునా? మంచి పనిముట్టులు మూఁడవ విధమున నడచును. కాని వివరణలో నా నియమము లేకున్నచో ఏజెంటు పేరొక్కటే యిచ్చి, త్రోపుడు తిని, మరల మరల యత్నించును. అన్నిఁటిని మార్చు పనిముట్టైనచోఁ దొమ్మండ్రుగురి పరిహార మొకని పేరఁ బడును.

ఇట్టి వివరణలను బరీక్షించుటకు మన తర్కశాస్త్రమే నాకుఁ జాలుననిపించినది. లక్షణమునకు మూఁడు దోషములు గలవని తర్కసంగ్రహము చదివినవా రెఱుఁగుదురు. గోవునకు కపిలవర్ణము లక్షణమన్న తెల్లయావు విడిచిపోవును, అది యవ్యాప్తి. కొమ్ములు లక్షణమన్న గేదెయు వచ్చిచేరును, అది యతివ్యాప్తి. ఒంటిడెక్క యన్న నే యావునకును బొసఁగదు; అది యసంభవము. పలుతావుల నున్న పేరు సంగతి చెప్పని వివరణ యవ్యాప్తము. "ఏ ఫైలునైన దిద్దును" అని చెప్పి, అక్షరములు గల ఫైళ్లను మాత్రమే దిద్దఁగలిగి, చిత్రముల యెడ విఫలమగునది యతివ్యాప్తము. అసంభవమునకు నిజమైన యవకాశ మొకటి చూపెదను. ఆంత్రోపిక్ వారి దిద్దు పనిముట్టున మొదట, చేసినదానిని వెనుకకుఁ ద్రిప్పు నాజ్ఞ యొకటి యుండెను. 2025లో వచ్చిన క్రొత్త కూర్పున దానిని దీసివైచిరి. పాత వివరణనే క్రొత్త కూర్పునకుఁ దగిలించినచో ఏజెంటు లేని తాళపుచెవికై దేవులాడును.

తెలుగుఫైళ్ల విషయమున నింకొక చిక్కు గలదు. ఐత్వమును కంప్యూటరులో నొకే సంకేతముగా వ్రాయవచ్చును, ఎత్వమును దాని క్రింది గుర్తును వేర్వేఱుగాఁ జేర్చియు వ్రాయవచ్చును. కంటికి రెండును "కై" యే. అక్షరముల నడుమఁ గంటికిఁ గానరాని విడఁదీయు సంకేతమును గలదు. పాతమాట పొల్లు పోకుండ సరిపోవలెనని కోరు పనిముట్టునకు ఇవి వేర్వేఱు మాటలు. ఈ సంగతి వివరణలో లేకున్నచో, కన్నులయెదుట నున్న పేరును "లేదు" అని పనిముట్టు చెప్పుచుండును. ఖాళీల సంగతియు నిట్టిదే. పంక్తుల లెక్క సున్నతో మొదలో ఒకటితో మొదలో కూడఁ జెప్పవలయును.

ఇఁక వివరణ మంచిదని చదివి మెచ్చుకొనుట చాలదు. ఒకే పనిని, ఒకే యంత్రమునకు, వివరణ నొకటి మార్చి యిచ్చి, ఎన్నిమాఱులు సరిగాఁ జేసెనో లెక్కింపవలయును. స్వీ-బెంచ్ అను పరీక్ష 2023లో వెలువడినది. అందు 12 పైథాన్ ప్రోగ్రాము నిధులనుండి తీసిన 2,294 చిక్కులు గలవు. 2024లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు స్వీ-ఏజెంటును నిర్మించుచు, వ్యాకరణము చెడిన దిద్దుబాటును బనిముట్టే తిరస్కరించునట్లు చేసి, దానిచే ఫలితము మెఱుగగుట చూపిరి. ఆ యేఁడే డిసెంబరులో ఆంత్రోపిక్ వా రొక యనుభవమును వ్రాసిరి. ఏజెంటు ఒక యఱనుండి మఱియొక యఱకుఁ బోయినపిదప "ప్రక్కయింటి ఫైలు" అన్నట్టి చిఱునామాలిచ్చి తప్పుచుండెను. జిల్లా, మండలము, గ్రామము వ్రాసినట్లు పూర్తి చిఱునామానే యీయవలెనని పనిముట్టును మార్చఁగా నా తప్పు పోయినది. తప్పినవానిని దూఱుటకు ముందు ఆజ్ఞాపత్రమును జూడవలెనని బడిలో నేనును నేర్చితిని.

వివరణ యెంత పొడవుండవలె నను వాదము గలదు. పనిముట్టుల వివరణ లన్నియు సాధారణముగాఁ బనికి ముందే ఏజెంటు జ్ఞప్తిలోఁ జేరును. ఆ జ్ఞప్తికిఁ బరిమితి గలదు. కావున వ్యాఖ్యానము పెంచినకొలఁది పనికిఁ జోటు తగ్గును. సూత్రప్రాయముగా వ్రాసిన నర్థము గాదు. నా మతమున సూత్రమొకటి, దాని వెంట సరియైన యుదాహరణ మొకటి, త్రోసిపుచ్చఁబడు ప్రత్యుదాహరణ మొకటి యున్నఁ జాలును. మన వ్యాకరణములు బాలురకు బోధపడినది ఆ క్రమముననే గదా.

కడపట నొకటి. దస్తావేజులోఁ గొట్టివేఁత యున్నచోఁ బాతయక్షరము క్రింద నగపడును, ప్రక్కను సంతకముండును. ఫైలులోఁ బాతమాట జాడ మిగులదు. పాతప్రతి యెచటనైన నుంచఁబడునో లేదో వివరణలో నున్నదా యని మొదటఁ జూడుఁడు. లేకున్నచోఁ బట్టికకు వేఱొక నకలు తీయించి, అటుపిమ్మటనే దానిని ఏజెంటు చేతి కిప్పింపుఁడు.