మహానౌకల మీద మక్కువ

కొండలను చూచి పెరిగినవారికి సముద్రం మీద మోజు ఎక్కువ. శేషాచలం నీడలోను, చిత్తూరు మామిడితోటల నడుమను పెరిగిన మన విద్యార్థులలో పెక్కుమంది మొదటిసారి ఓడను చూచేది చెన్నై తీరంలోనే. తిరుపతి నుండి సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణం చేసి, మెరీనా ఇసుకలో నిలబడి, రేవులోనికి పిలుపు కోసం దూరాన లంగరు వేసికొని ఉన్న నౌకలను చూచినప్పుడు ఎవరి నోటనైనా మొదట వెలువడే మాట ఒక్కటే: "ఎంత పెద్దది!"

ఈ ఆశ్చర్యాన్ని జీవితాంతం నిలుపుకొన్నవారు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. వారు రేవుగట్టున గంటల తరబడి నిలిచి, వచ్చిపోయే నౌకల పేర్లు, కొలతలు, కట్టిన చోటు, కట్టిన సంవత్సరం పుస్తకాలలో వ్రాసికొంటారు. కొందరికి యుద్ధనౌకలంటే ప్రీతి. కొందరికి సరకు ఓడలంటే ప్రీతి. దీనివల్ల వారికి చిల్లిగవ్వ లాభం లేదు. మరి ఇది వట్టి కాలక్షేపమా, లేక విద్యలో ఒక భాగమా? ఈ విషయం కొంచెం విచారింతము.

ఓడ మనకు పరాయిది కాదు

సముద్రం మనకు దూరమే కాని, ఓడ మన చరిత్రకు దూరం కాదు. క్రీస్తు శకం రెండవ శతాబ్ది చివర ఏలిన శాతవాహన ప్రభువు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మను ముద్రింపించినాడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనపరచుకొనేవారు. తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమియు తీసికొననని గణపతిదేవుడు అందులో మాట ఇచ్చినాడు.

గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుండి పర్షియాకు, పెగూకు, ఆచేకు ఓడలు నడిచినవి. ఆ ఊరిని మనం బందరు అంటాము. పారసీ భాషలో, ఉర్దూలో 'బందర్' అంటే రేవు. లంగరు, సరంగు అనునవి పారసీ నుండి వచ్చినవే. చుక్కాని అరబ్బీ 'సుక్కాన్'కు రూపాంతరం. ఓడ, తెరచాప మన తెలుగు మాటలు. ఉర్దూ, తెలుగు రెండును ఒకే ప్రాంగణంలో చదువుకొనే మన విద్యార్థులు గమనింపదగిన సంగతి ఇది. ఈ రెండు భాషలు గ్రంథాలయంలో కలియక పూర్వమే ఓడ మీద కలిసికొన్నవి.

మన చంద్రగిరికి కూడ ఈ కథలో చోటున్నది. 1626 ప్రాంతంలో ఆంగ్ల వర్తకులు దుగరాజపట్నం వద్ద స్థావరం ఏర్పరచుకొన్నారు. పిమ్మట చంద్రగిరి, వేలూరు కోటల నుండి ఏలిన అరవీటి రాజుల సామంతుడైన దామెర్ల వేంకటాద్రి నాయకుడు 1639 ఆగస్టు 22న వారికి మద్రాసులో స్థలం ఇచ్చినాడు. ఆనాడు మద్రాసుకు రేవు లేదు. పెద్ద ఓడలు దూరాన నిలిచేవి. మేకులు లేకుండ పలకలను త్రాళ్లతో కుట్టి చేసిన మసూలా పడవలలో స్థానికులైన పడవవాండ్రు కెరటాలను దాటి సరకును, మనుష్యులను చేరవేసేవారు. ఎంత గొప్ప నౌకయైనను ఆ చిన్న పడవ రానిదే సరకు దించలేకపోయేది.

ఓడను చదువుట ఎట్లు?

ఇనుము నీటిలో మునుగునే, ఇనుపనౌక ఎట్లు తేలును అని చిన్నతరగతుల పిల్లలు అడుగుతారు. ఓడ తన బరువునకు సమానమైన బరువు గల నీటిని ప్రక్కకు నెట్టివేస్తుంది. ఇనుపముద్ద అంత నీటిని నెట్టలేదు. లోపల ఖాళీ గల ఓడ నెట్టగలదు. ఆర్కిమిడీసు సూత్రం ఇదే. యుద్ధనౌక పరిమాణాన్ని ఈ నెట్టిన నీటి బరువుతోనే చెబుతారు. సరకు ఓడకు మాత్రం అది మోయగల సరకు, ఇంధనం మొదలైన వాని బరువును చెబుతారు. దానిని 'డెడ్‌వెయిట్' అంటారు. 'గ్రాస్ టన్నేజి' అనునది అసలు బరువే కాదు, లోపలి చోటును బట్టి కట్టిన లెక్క. ఈ మూడింటిని ఒకే త్రాసులో వేసి ఏ ఓడ పెద్దది అని వాదించుట పొరపాటు.

ఓడ ప్రక్కన ఒక వలయం, దానికి అడ్డంగా ఒక గీత, చెంతనే మెట్లవంటి కొన్ని గీతలు కనబడతాయి. ఓడ ఎంతవరకు మునుగవచ్చునో అవి తెలుపుతాయి. ఉప్పునీటి కంటె మంచినీరు, చన్నీటి కంటె వెచ్చనినీరు పలుచన. కాబట్టి అదే బరువుతో ఓడ మంచినీటిలోను, ఉష్ణమండలంలోను కొంచెం ఎక్కువ మునుగుతుంది. అందుకే వేర్వేరు గీతలు. పూర్వం ఇంగ్లండులో కొందరు యజమానులు లాభాపేక్షతో మితిమీరిన సరకు నింపి ఓడలను పంపేవారు. అవి మునిగి నావికులు మరణించేవారు. ఆ ఓడలను 'శవపేటికలు' అని పిలిచేవారు. పార్లమెంటు సభ్యుడైన శామ్యూల్ ప్లిమ్‌సోల్ పట్టుదలతో పోరాడగా 1876లో చట్టం వచ్చినది. ఆ చిన్న గీత వెనుక ఎందరి ప్రాణాలో ఉన్నవి.

ఇంకొక గుర్తు, ఓడకు ఇచ్చే ఏడంకెల ఐ.ఎం.ఓ. సంఖ్య. ఓడ పేరు మారవచ్చు, యజమాని మారవచ్చు, జెండా మారవచ్చు. ఈ సంఖ్య మారదు. ఇందులో ఒక గణిత చమత్కారం కలదు. 9074729 అను సంఖ్యను తీసికొనండి. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2 తో హెచ్చించి కూడితే 63+0+35+16+21+4, అనగా 139 వస్తుంది. దాని చివరి అంకె 9. సంఖ్యలోని ఏడవ అంకె కూడ 9. వ్రాయుటలో తప్పు దొరలితే ఈ లెక్క చాలవరకు పట్టి ఇస్తుంది.

ఇక పరిమాణం మాట. 2025 జూన్‌లో కేరళలోని విళింజం రేవుకు వచ్చిన ఎం.ఎస్.సి. ఐరినా అను కంటెయినర్ నౌక పొడవు సుమారు 400 మీటర్లు. క్రీడామైదానంలో ఒక చుట్టు పరుగుబాటను తిన్నగా సాగదీస్తే ఎంతయో అంత! ఇరువది అడుగుల పెట్టెలు 24,346 పట్టగల ఓడ అది.

విశాఖ తీరాన రెండు పాఠములు

తెలుగునాట ఓడల మీద మక్కువ గలవారికి విశాఖపట్నమే యాత్రాస్థలం. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి చెందిన వాల్‌చంద్ హీరాచంద్ కృషి ఫలితంగా అక్కడ నౌకానిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసినారు. స్వతంత్ర భారతంలో నిర్మితమైన మొదటి ఆవిరినౌక 'జల ఉష'ను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ అక్కడే జలప్రవేశం చేయించినారు. సుమారు ఎనిమిదివేల టన్నుల సరకు మోయగల ఓడ అది. నేటి మహానౌకల ప్రక్కన చిన్నదే. కాని ఓడ కొనుక్కొనే దేశం ఓడ కట్టగల దేశమైనది ఆనాడే.

1971 యుద్ధకాలంలో విమానవాహక నౌక విక్రాంత్ బంగాళాఖాతంలో పనిచేసినది. దానిని వేటాడవచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3–4 తేదీల నడుమ రాత్రి విశాఖ సమీపంలో అందులోనివారందరితో కూడ మునిగిపోయినది. మునుగుటకు కారణం గూర్చి ఇరుదేశాల కథనాలు వేరు. కాని ఏ దేశపు ఓడలోనైనను ఉండేది తల్లి కన్న బిడ్డలే అన్న మాట ఓడలను ప్రేమించేవాడు మరువరాదు.

విక్రాంత్ 1997 జనవరి 31న సేవ నుండి విరమించినది. కొంతకాలం ముంబయిలో ప్రదర్శనశాలగా నిలిచినది. దానిని కాపాడవలెనని ఎందరో కోరినను, న్యాయస్థానం వరకు వెళ్లినను ఫలితం లేకపోయినది. 2014లో దానిని విడగొట్టుట ఆరంభమైనది. ఆ పేరుతో కొచ్చిలో నిర్మితమైన 262 మీటర్ల కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరినది. పేరు నిలిచినది, పాత నౌక మాత్రం లేదు.

కురుసుర అదృష్టం వేరు. 1969 నుండి 2001 వరకు పనిచేసిన ఈ 91 మీటర్ల జలాంతర్గామిని 2002లో విశాఖ రామకృష్ణా బీచిలో ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చినారు. బయటినుండి చూచి "ఎంత పెద్దది!" అన్నవారే లోపలికి పోయి "ఎంత ఇరుకు!" అంటారు. యంత్రాల నడుమ ఒకదానిపై ఒకటిగా ఉన్న పడకలు, వంగి దాటవలసిన గుండ్రని ద్వారాలు చూచినప్పుడు గాని, అందులో నెలల తరబడి గడిపిన మనుష్యులు మన మనస్సునకు రారు. ఓడను నిలుపుకొన్నాము గనుక ఈ పాఠం దక్కినది. విక్రాంత్ ఇట్టి పాఠం ఇక చెప్పలేదు.

విద్యార్థులకు ఒక మాట

ఓడలు శాశ్వతములు కావు. చాలవరకు ముప్పది ఏండ్లకు అటునిటుగా గుజరాతులోని అలాంగ్ వంటి తీరాలకు చేరి ముక్కలవుతాయి. అక్కడ వానిని విడగొట్టే కూలీలు అపాయకరమైన పని చేస్తారు. అన్ని ఓడలను ప్రదర్శనశాలలుగా నిలుపుట ఏ దేశానికి సాధ్యం కాదు. అప్పుడు మిగిలేది ఎవరో ఒకరు శ్రద్ధగా వ్రాసి ఉంచిన వివరమే. రేవుగట్టున నిలిచే ఆ ఔత్సాహికుని పుస్తకానికి విలువ అక్కడ వస్తుంది.

2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు సూళ్లూరుపేట, శ్రీహరికోటల వైపు సముద్రతీరం కూడ లభించినది. కాబట్టి సముద్రం ఇక పరుల సొత్తని మనం అనుకొనరాదు. ఈసారి తీరానికి వెళ్లినప్పుడు ఓడను చూచి తప్పక ఆశ్చర్యపడండి. పిమ్మట దాని గీతలను, అంకెలను చదవండి. నిషిద్ధస్థలాలలో ఫొటోలు తీయకండి. ఓడలో పనిచేసి ఇల్లు చేరిన పెద్దవారు మీ ఊరిలో ఉంటే, వారిని అడిగి, ఎక్కిన ఓడ పేరు, చేసిన పని, చూచిన రేవులు వ్రాసి ఉంచండి. ఓడ ఎంత పెద్దదో ఎవరైనా చెప్పగలరు. దానిని నడిపినవారు ఎవరో చెప్పుటకే చదువుకొన్నవారు కావలెను.